తొమ్మిదో గూటికి మార్పు

నమోదు 1

సకల సైగభాషా కోవిదులకూ, వారి వారి పది వేళ్లకూ సాష్టాంగపడి, విక్టర్ బాబు, బి.టెక్. (రెండు సబ్జెక్టులు మిగిలి), విన్నవించుకునేది ఏమనగా: ఈ నిఘంటువు యాప్ మూలంగా లోకానికి జరిగిన, జరుగుతున్న, జరగబోయే సమస్త అనర్థాలకూ బాధ్యుణ్ని నేనే. ఫోన్లు వేడెక్కితే నేను. గోడకు పాచి పడితే నేను. పంపులపాలెంలో పీతలకు పొగరెక్కితే నేను. సముద్రం ఉప్పగా ఉండటం కూడా, నగరంలోని భాషా కార్యాలయం వారు గట్టిగా పట్టుబడితే, నా కోడింగ్ లోపమేనని రాసిస్తాను. క్షమించండి. ఇంత టోకున తప్పులు ఒప్పుకున్నవాణ్ని మళ్లీ చిల్లరగా ఎవరూ అడగరని ఆశ.

ఇక పని. ఫోను ముందు సైగ చేస్తే యాప్ దాన్ని సైగలిపిలో రాసి చూపాలి. రాసిన గుర్తును వేలితో తాకితే తెరమీద రెండు బొమ్మచేతులు లేచి ఆ సైగ చేసి చూపాలి. అంతే.

మా ఊళ్లో నోరు తినడానికి, చేతులు మాట్లాడటానికి. సముద్రాన్ని గోడ అవతల ఉంచే పంపుల మోతలో మూడు తరాలుగా ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. పోయిన ఏడాది మోత లేని పంపులు వచ్చాయి. అప్పటినుంచి కుర్రాళ్లు వీధుల్లో నోటితో అరుచుకుంటూ తిరుగుతున్నారు. పెద్దవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆ చేతులు మరిచిపోకముందే రాసి పెట్టమని కార్యాలయం నాకు ఉద్యోగమిచ్చింది.

ఇందులో ఎవరేమన్నా చేతులతో అన్నదే. తెలుగులోకి దించింది నేను. యాస వాళ్లది.

నమోదు 2

బొమ్మచేతులకు అసలు చేతులు వీరమణక్కవి. ఆమెది పుట్టుచెవుడు. మోత ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఆమె మాట్లాడుతుంటే చేపలమ్మేవాళ్లు కూడా బేరం ఆపి చూస్తారు. రోజూ పంపుల షెడ్డులో చేతులకు తీగల తొడుగులు వేసుకుని నా ఎదురుగా కూర్చుంటుంది, మాట తరవాత మాట చేస్తుంది. ఆ చేతులను కంప్యూటరు వేలి కణుపుల దాకా, మణికట్టు వణుకు దాకా దాచుకుంటుంది.

ఇవాళ 'గాడిద' రికార్డు చేశాం. ప్రతి మాటకూ ఒక ఉదాహరణ వాక్యం కావాలన్నాను.

"గాడిద బీటెక్ చదివింది," అంది.

"అక్కా, ఇది గవర్నమెంటుకి పోద్ది."

"పోనీ. నిగంటులో నిజాలు రాయకూడదా ఏంటి?"

"వాక్యం మర్యాదగా ఉండాలక్కా."

"అయితే రాసుకో. గాడిద గారు బీటెక్ చదివారు. సాల్దా?"

ఇంటి దగ్గర పరీక్ష: అట్లకాడ చేతిలో పెట్టుకుని అమ్మ 'అన్నానికి రా' అంటే యాప్ 'యుద్ధానికి రా' అని రాసింది. తప్పేం లేదు, ఉంచెయ్యమన్నాడు నాన్న.

నమోదు 4

తప్పుల చిట్టా పెరుగుతోంది. దండెం మీద ఆరేసిన చొక్కా గాలికి చెయ్యి ఊపితే యాప్ 'రా, రా' అని రాసింది. ఒక పీత నన్ను పట్టుకుని అనరాని మాటన్నట్టు రాసింది. ఆ మాట మీద వీరమణక్కను అభిప్రాయం అడిగితే, పీత ఉచ్చారణ బాగుందంది.

ఒక సంగతి మాత్రం ఇక్కడ రాసి పెట్టాలి. సైగలిపిలో చేతి గుర్తు మీద కనుబొమ్మల గీత ఉంటుంది. కనుబొమ్మలు లేచాయంటే అడుగుతున్నట్టు. కెమెరాకు ముఖం కనిపిస్తేనే యాప్ ఆ గీత గీస్తుంది. చొక్కాకు గీయలేదు. పీతకు గీయలేదు. అంటే ఆ భాగం వరకు నా కోడు శుద్ధంగా ఉంది.

రేపు ఖాళీ పరీక్ష. ఎవరూ లేనిచోట కెమెరా పెడితే యాప్ నోరు మూసుకోవాలి, అదే చేతులు కట్టుకోవాలి. గోడ మీది పాత కాపలా గూళ్లలో కెమెరాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆపమని ఎవరూ ఆర్డరు వేయలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. గూళ్లంటే తొమ్మిది ఇనప పంజరాలు. మోతపంపుల కాలంలో ఒక్కో దాంట్లో ఒక్కో కాపలాదారు సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చుని, నీళ్లు ఎంత లేచాయో సైగ చేసి చెప్పేవాడు. కొత్త పంపులు నీళ్లను అవే కొలుచుకుంటాయి. గూళ్లు ఖాళీ. నా పరీక్షకు ఇంతకంటే మంచి శూన్యం దొరకదు.

నమోదు 5

ఎనిమిది గూళ్లు పాసయ్యాయి. తొమ్మిదోది ఫెయిలు.

తొమ్మిదో గూటి కెమెరాలో కనిపించేది ఇది: తుప్పు పట్టిన కుర్చీ, ఊచలు, ఊచల అవతల నీళ్లు. యాప్ రాసింది ఇది: అరచేయి చాచి, 'మార్పు?'

పాలెంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సైగే. డ్యూటీ దిగేవాడు చెయ్యి చాచి, నా బదులు ఎవరొచ్చారు అని అడగటం. వచ్చినవాడు బొటనవేలు గుండెకు ఆనించి అరచేయి కిందికి దించుతాడు: నేనున్నా, నువ్వు దిగు. ఆ జవాబు కళ్లారా చూడనిదే ఎవడూ గూడు దిగడు. ఇల్లు తగలబడుతున్నా దిగడు.

లెన్సు మీద పక్షి రెట్ట అనుకున్నాను. నీటి మీది ఎండ తళుకు అనుకున్నాను. కానీ యాప్ గుర్తు మీద కనుబొమ్మల గీత గీసింది. కుర్చీలో ఏ ముఖమూ లేదు.

ఇంకో పిచ్చి: రాసిన చేతి గుర్తులో ఉంగరపు వేలు సగమే ఉంది. సగం వేలు గీయడం ఈ యాప్‌కు నేను నేర్పనే లేదు. నాకే రాదు.

నమోదు 6

కొత్త గోడ కట్టినప్పుడు ఈ గూడు సముద్రం వైపు ఉండిపోయింది. పాటులో, అంటే నీళ్లు తీసినప్పుడు, మెట్లు బయటపడతాయి. పోటు వస్తే నీళ్లు లోపలికి వస్తాయి. యాప్ రాత పోటు వేళల్లోనే వస్తోంది. ఇవాళ రెండు మాటలు పెరిగాయి.

'నీళ్లు మోకాళ్లకు. మార్పు?'

పంపుల ఆఫీసు కొలతతో పోల్చి చూశాను. సరిపోయింది. నా యాప్ కుర్చీ దగ్గరి నీళ్ల లోతును కొలబద్ద లేకుండానే కొలుస్తోందని కార్యాలయానికి గొప్పగా రాయబోయి, ఎందుకో ఆగాను.

నమోదు 7

వీరమణక్కకు చూపించాను. నవ్వుతుందనే చూపించాను. ఆ సంగతి ముందే రాసి పెడుతున్నాను.

"చూడక్కా, కుర్చీ డ్యూటీ దిగుతానంటంది. దానికి వేలు కూడా సగమే ఏసింది మన యాప్. ఆ పీత తర్వాత ఇంత తెలివైన బగ్గు నేను చూడలేదు."

ఆమె నవ్వలేదు. తెర మీది గుర్తుకు వేలు ఆనించి, సగం వేలి దగ్గర ఆపింది. తరవాత తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి నా ఒళ్లో పెట్టింది.

"వలతాడు లాగేసిన ఏలు అది. మా అన్నది."

వీరమణక్కకు అన్న ఉండేవాడని తెలుసు. నాంచారయ్య. ఆయనదీ పుట్టుచెవుడే. నేను కాలేజీలో ఉండగా సముద్రంలో పోయాడన్నారు. ఎలా అని నేను అడగలేదు. మా ఊళ్లో సముద్రంలో పోవడానికి వివరాలు అడగరు.

ఆమె చెప్పింది. పాత పంపులు ఆపిన రోజు మధ్యాహ్నం మొదటిసారి ఊరంతా నిశ్శబ్దం. ఆఫీసు వాళ్లు మైకులో అరిచారట: గూళ్లు రద్దు, అందరూ దిగి భోజనాలకు రండి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అందరికీ ఒకే మాట ఒకేసారి వినపడింది. ఎనిమిది గూళ్ల వాళ్లూ కేకలేస్తూ దిగారు. ఒకరి పేర్లు ఒకరు అరుచుకుని, తమ పేర్లు ఎలా వినపడతాయో విని పగలబడి నవ్వారు. తొమ్మిదో గూట్లో నాంచారయ్య సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ సాయంత్రం మార్పు నాది," అంది వీరమణక్క. "గూటికెళ్తంటే నా చెయ్యి పట్టుకుని లాగేశారు. ఇంకెక్కడి డ్యూటీలే, రా తిను అన్నారు. అన్నకి ఎవరో ఒకళ్లు చెప్పే ఉంటారనుకున్నా. అందరూ అట్టాగే అనుకున్నారు. నేను పెరుగన్నం తింటన్నా, బాబూ. ఆ పూట పోటు పెద్దదని తర్వాత తెల్సింది."



నమోదు 8

అంకాలు మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. గూళ్లకు ఎవరి డ్యూటీ ఎప్పుడో వేసేది ఒకప్పుడు ఆయనే. ఇప్పుడు పడవలకు తారు పూస్తాడు. రాత చూపిస్తే తారు డబ్బా కింద పెట్టి, చేతులు ఇసకతో రుద్దుకుని గానీ మాట్లాడలేదు. మురికి చేతులతో అనే మాట కాదని అర్థమైంది.

"ఆడే. నీళ్లెంతో కూడా చెబుతున్నాడు చూడు, ఎదవ. ఒక్క పోటు ఒదల్లేదు."

"మేస్త్రీ గారూ, వెళ్లి దిగమని చెప్పేస్తే సరిపోద్ది కదా?" అన్నాను.

"చెప్పొచ్చు. ఎవరు చెబుతారు? మార్పు ఇచ్చినోడిది గూడు. నేనున్నా అన్నాక ఉండాలి. అనేసి పారిపోతే అది మార్పు కాదురా అబ్బాయ్, అబద్ధం. ఆడు దిగడు."

"ఎంతసేపుండాలి?"

"ఇంకోడొచ్చిందాకా. నీళ్లలో ఉన్న గూటికి ఎవడొస్తాడు?"

"మరి మైకులో అందర్నీ దిగమన్నారు కదా. రద్దే కదా?"

మేస్త్రీ తన చెవి మీద వేలు పెట్టాడు. "నేనూ దిగాను, ఇనపడింది కదా అని. ఆడి చెవులకి ఎవడు రద్దు చేశాడు?"

వీరమణక్క చేతులు కదిలాయి. "మార్పు నాది. నేనే ఎళ్తా."

"నోర్ముయ్," అన్నాడు మేస్త్రీ, ఆమె రెండు చేతులనూ తన చేతుల్లో పట్టి మూసేసి. మా భాషలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

నమోదు 10

అమావాస్య దగ్గరపడే కొద్దీ పోట్లు పెరుగుతున్నాయి.

'నీళ్లు నడుముకు. మార్పు?'

'నీళ్లు చంకలకు. మార్పు?'

ఇవాళ పోటు నిండినప్పుడు యాప్ 'మార్పు' అని మాత్రం రాసింది. కనుబొమ్మల గీత లేదు. కోడు చూశాను, బాగానే ఉంది. కాసేపటికి తట్టింది. ముఖం నీళ్ల కింద ఉంది. చేతులు మాత్రమే పైన ఉన్నాయి.

వీరమణక్క రికార్డింగుకు వస్తూనే ఉంది. మిగిలిన మాటలు వేగంగా చేస్తోంది, ఊరెళ్లేవాళ్లు ఇల్లు సర్దినట్టు. పొద్దున అమ్మ గిన్నెలు తోముతూ, తోముడు పీచుతోనే చెప్పింది: "వీరమణి ఆముదం తీసుకెళ్లింది మనింటికాణ్నుంచి. దేనికంటావ్?"

పాలెంలో డ్యూటీ ఎక్కబోయే ముందు చేతులకు ఆముదం పట్టిస్తారు, ఉప్పుగాలికి పగలకుండా. ఏడాదిగా ఎవరూ పట్టించడం లేదు.

ఎదురుగా వెళ్లి అడిగాను.

"ఎప్పుడక్కా?"

"అమావాస్య పోటుకి. పగలే వత్తది, బాగా కనపడతా."

"పోతావక్కా."

"తెల్సు."

"నిఘంటువు సగంలో ఉంది."

"మా అన్న పూర్తిగా ఉన్నాడు అక్కడ." తరవాత నా తల నిమిరి, "గాడిద గారూ, మీరు బాగా రాశారండీ. మిగతాది కూడా రాయండి," అంది.

నమోదు 11

అమావాస్య. పొద్దున పాటులో పడవ వేసుకుని తొమ్మిదో గూటికి వెళ్లి వచ్చాను. లెన్సు తుడవడానికి.

మధ్యాహ్నం వీరమణక్క ఆముదం మెరుస్తున్న చేతులతో గోడ దగ్గరికి వచ్చింది. మేస్త్రీ ముందే వచ్చి పడవ తాడుకు ముళ్ల మీద ముళ్లు వేసి కూర్చున్నాడు. ఆమె విప్పడం, ఆయన వేయడం. ఇద్దరూ ఒక్క మాటా అనలేదు, చేతులు ఖాళీ లేక. పక్కన నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను.

'నీళ్లు గడ్డానికి. మార్పు?'

తరవాత చాలాసేపు ఏమీ లేదు. తరవాత యాప్ రాసింది:

'దిగుతున్నా.'

ఆ వెనకే ఇంకో గుర్తు, నిఘంటువులో లేనిది. చెంప మీద రెండు వేళ్లు తట్టడం. తెర ఆమె వైపు తిప్పాను. వీరమణక్క తాడు వదిలేసింది. చిన్నప్పటినుంచి నాంచారయ్య ఆమెను పిలిచే పేరు అది. ఇంకెవరూ ఆమెను అలా పిలవరట.

కెమెరాలో కుర్చీ, ఊచలు, నీళ్లు. యాప్ చేతులు కట్టుకుంది.

"ఎవరిచ్చారు మార్పు?" అన్నాడు మేస్త్రీ. ఆయన కనుబొమ్మలు చాలాసేపు దిగలేదు.

"ఏడాదయ్యింది కదా, ఆయనే దిగుంటాడు," అన్నాను నేను.

వీరమణక్క గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, ఏడ్చి, తరవాత ఆకలేస్తోందంది. మా ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ చేపల పులుసు రెండుసార్లు వడ్డించింది.

నమోదు 13

చేసినంతవరకు మాటలతోనే యాప్ విడుదలైంది. కార్యాలయం వారు అభినందనలు పంపారు. వాడుకునేవాళ్ల ఫిర్యాదు ఒక్కటే, కానీ ఊరూరా అదే: కొన్ని వేళల్లో బొమ్మచేతులు రావడం లేదు. ఏ గుర్తును తాకినా తెర ఖాళీ. కాసేపటికి వాటంతట అవే వచ్చేస్తాయి.

ఏయే వేళలో రాసి పంపమన్నాను. సముద్రం మొహం చూడని ఊళ్లవాళ్లు కూడా పంపిన వేళలు మా పోటు వేళలు.

వీరమణక్క మూడు రోజులుగా షెడ్డుకు రాలేదు.

నమోదు 14

వెళ్లి చూశాను. మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. వేళ్ల కొసలు నీళ్లలో నానినట్టు తెల్లగా ముడతలు పడ్డాయి. పట్టుకుంటే ఐసు. పోటు వేళ అది.

ఎలా ఉందక్కా అని అడిగాను. ఆమె నా వైపు చూసింది. చెప్పాలనుకుంది. నోటితో మాట్లాడటం ఆమెకు రాదు. చేతులు లేవలేదు. కళ్లు మాత్రం చేతుల వంకా నా వంకా తిరిగాయి. అన్నం కలిపి నేనే తినిపించాను.

నీళ్లు తీశాక వేళ్లు కదిలాయి. మొదట నత్తిగా, తరవాత బాగానే.

"తిమ్మిరి, అంతే," అంది. "ఏడ్చి ఏడ్చి నరాలు సచ్చుబడ్డాయంట, డాక్టరమ్మ చెప్పింది. అన్న దిగాడు, అది చాలు. కాసేపు మాటాడకపోతే ఏమైద్ది, గాడిద గారి కళ్లకు సుఖం."

నవ్వాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ నవ్వలేదు.

నమోదు 15

తొమ్మిదో గూటి కెమెరా మళ్లీ తెరిచాను. ఇన్నాళ్లూ తెరవలేదు.

'నీళ్లు మోకాళ్లకు. మార్పు.'

ఐదు వేళ్లూ పూర్తిగా ఉన్నాయి. నీళ్లు మోకాళ్లకే ఉన్నా కనుబొమ్మల గీత లేదు. ఆ చేతులకు ముఖం లేదు. ఉండదు. నేను పెట్టలేదు.

ఉచ్చారణ మాత్రం చాలా బాగుంది. పాలెంలో అంత బాగా మాట్లాడేది ఒక్కరే.

నమోదు 16

మా బళ్లో సైగలిపి ఒక్కటే నేర్పుతారు. తెలుగక్షరాలు కాలేజీకి పోయినవాళ్లకే వస్తాయి. నేను ఈ నమోదులను ఏ లిపిలో రాస్తున్నానో గమనించగలరు. వీరమణక్క దీన్ని చదవలేదు. రోజూ ఆమె ఎదురుగా కూర్చుని అన్నం పెడుతూ, చెప్పడానికి చేతులు ఖాళీ లేవని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

తొమ్మిదో గూటికి వెళ్లి, బొటనవేలు గుండెకు ఆనించి, అరచేయి దించితే ఆమె చేతులు ఆమెకు వచ్చేస్తాయి. అందుకు నాకూ రెండు చేతులున్నాయి. రెండుసార్లు ఆముదం పట్టించాను. రెండుసార్లూ కడిగేసుకున్నాను.

కనుక ఇది రాస్తున్నాను. ఆ రోజు నేను లెన్సు తుడవలేదు. కుర్చీకి ఎదురుగా ఊచలకు, కెమెరాకు అందకుండా, తల ఎత్తులో, నా ఫోనుకు కలిపిన ఒక ట్యాబ్ కట్టి వచ్చాను. నీళ్లు గడ్డానికి వచ్చినప్పుడు, వీరమణక్క నా పక్కనే తాడు ముళ్లు విప్పుతుండగా, ఫోనులో ఒక గుర్తును తాకాను. 'నేనున్నా, నువ్వు దిగు.' అక్కడ తెరమీద బొమ్మచేతులు లేచి ఆ సైగ చేశాయి. నాంచారయ్య తన చెల్లెలి చేతులను పోల్చుకుని దిగాడు. మార్పు అబద్ధం కాదు. అవి ఆమె చేతులే. ఆమెను అడగకుండా వాటిని అక్కడికి పంపింది నేను.